దోన్ బెలిసారియో గారి యుద్ధ కేక

మా కొండ మీది ఊరు దుయితామాలో బండికి పొగ పరీక్ష చేయించుకున్న ఎవరికైనా ఒక మాట వచ్చు: "అయ్‌గ్వాంగోహోం." అది చెవిన పడగానే కాలు దానంతటదే యాక్సిలరేటర్ తొక్కుతుంది. అర్థం ఏమిటని ఎవరూ అడగరు. అది మా కేంద్రంలో దోన్ బెలిసారియో మాగిల్ గారి కేక. పొగగొట్టంలోకి కడ్డీ దూర్చి, మీటరు మీద కళ్లు పెట్టి, ఇంజను వేగం పెంచమని అలా అరుస్తాడు.

పదకొండేళ్లుగా ఆ పక్క కిటికీలో కాగితాలు చూస్తున్నదాన్ని కాబట్టి నాకు ఇంకాస్త తెలుసు. ఆ కేక ఆయన ముత్తాతకు ముత్తాతది. స్పెయిన్ మీద యుద్ధంలో మా పక్షాన పోరాడడానికి ఓడెక్కి వచ్చి, వర్గాస్ అనే చిత్తడి నేలలో తుపాకీ కాల్చి, ఇక్కడి పిల్లను చేసుకుని ఉండిపోయిన పరదేశి. శత్రువు మీదికి ఉరికేటప్పుడు అలా అరిచేవాడట. ఇంట్లో కత్తి లేదు, కాగితం ముక్క లేదు. ఈ కేకా, బెలిసారియో మీసంలో నాలుగు ఎర్ర వెంట్రుకలూ, అంతే మిగిలింది.

ఏటా జూలై ఇరవై అయిదున పైపా నుంచి ఆ యుద్ధం జరిగిన చోటికి ఊరేగింపు. పరదేశి సైనికుల వంశం వాళ్లకు ముందు వరస. ఆ వరసలో నడవాలని ఆయన తొమ్మిదేళ్లుగా అడుగుతున్నాడు, "రుజువేది?" అని కమిటీ తొమ్మిదేళ్లుగా తిప్పి పంపుతోంది. ఈ ఏడాది వంశాలు తేల్చే పని హెస్టర్ అనే ఇంగ్లీషు టీచరమ్మకు అప్పగించారు. పండక్కి మూడు రోజుల ముందు ఆమె పాత కారే మా లైనులోకి వచ్చింది.

బెలిసారియో మీసం దువ్వుకున్నాడు. వెనక లారీ డ్రైవరు ఒనోఫ్రే దిగొచ్చి ఆయన చెవిలో ఊదాడు.

"కొంపాద్రె, కడ్డీ ఈ పూట సగమే దూర్చండి. బయటి గాలి కలిసి అంకె కిందికి దిగుతుంది, తమరు ముందు వరస కెక్కుతారు."

"తమరి లారీకీ అలాగే చెయ్యమంటారా?"

"చేస్తే పుణ్యం."

బెలిసారియో కడ్డీ పూర్తిగా దూర్చాడు. "అయ్‌గ్వాంగోహోం," అన్నాడు. ఇంజను వేగం పెరగలేదు. ఇంకోసారి గట్టిగా అన్నాడు. ఈసారి హెస్టర్ ఇంజను ఆపేసి కిందికి దిగింది.

"ఏమన్నారు?"

"తొక్కమన్నాను, సెన్యోరా."

"ఆ మాట ఎక్కడిది?"

"మా తాతల యుద్ధ కేక," అన్నాడు ఛాతీ విరుచుకుని.

"మెల్లగా అనండి."

అన్నాడు. ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. "అది కేక కాదండీ. మా ఇంగ్లీషే. 'నేను ఇంటికి పోతాను' అని."

వెనక నుంచి ఒనోఫ్రే గొంతు: "అంటే తమరి తాత తుపాకీ పట్టుకుని మారాం చేశాడన్నమాట."

బెలిసారియో చెవులు మీసంలోని ఆ నాలుగు వెంట్రుకల రంగుకు తిరిగాయి. నేను నవ్వలేదు. నవ్వే అర్హత నాకెక్కడిది? మా మేనల్లుడు సైకిల్ పందెంలో కొండెక్కుతుంటే హుషారుకని నేనూ రోడ్డు పక్క నిలబడి ఇదే అరిచాను. వాడు సగంలో దిగి నిజంగానే ఇంటికొచ్చేశాడు.

హెస్టర్ మాత్రం సంచీలోంచి జాబితా తీసింది. "వీరుల కేకలు ఎవరైనా కల్పిస్తారు. ఇలాంటిది ఏ వంశమూ కల్పించుకోదు. ఇంతకంటే రుజువు నాకు అక్కర్లేదు," అంటూ పెన్సిల్‌తో మాగిల్ అని రాసింది.

"దేవుడు తమరిని చల్లగా చూడాలి," అన్నాడు బెలిసారియో. "ఇక కూర్చోండి. పరీక్ష మధ్యలో ఉంది."

ఈసారి ఉత్తినే "తొక్కండి" అన్నాడు. అంకె ఉండాల్సినదానికి మూడింతలు. చీటీ మీద 'తిరస్కరణ' రాసి నా కిటికీలోకి తోశాడు. ముద్ర వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. వేశాను.

"మీ పేరు ఇప్పుడే కదా రాశాను," అంది హెస్టర్. "ఊరేగింపులో జెండా కట్టుకుని ముందు పోవాల్సింది ఈ కారే."

"పేరు దారి పేరుది, పొగ దారి పొగది సెన్యోరా. బండి తప్పు లేదు. బరంకీయాలో సముద్రం పక్కన ఉండి వచ్చింది. అక్కడ తాగినంత పెట్రోలూ ఇక్కడా తాగుతోంది, ఈ కొండ మీద దానికి అంత గాలెక్కడిది? కార్బురేటర్ సరిచేయించి తీసుకురండి."

ఆమె జాబితా వైపు చూసింది. పెన్సిల్ తిరగేసింది. దాని రెండో కొనకు రబ్బరు ఉంది. ఆ రబ్బరుతో చెవి వెనక గోక్కుని, "కార్బురేటర్ బాగా చూసేవాళ్లెవరు?" అంది.

మర్నాడు కారు తిరిగొచ్చి నెగ్గింది. బొటాబొటీగా.

ఇరవై అయిదున ఆ పరదేశి సైనికులు తొడిగేలాంటి అరువు ఎర్రకోటులో బెలిసారియో ముందు వరసలో నడిచాడు, హెస్టర్ కారు వెనక బంపరుకు మూరెడు దూరంలో. మనిషి నడక వేగంతో ఆ కారు దారి పొడుగునా ఆయన ముఖంలోకే పొగ ఊదింది. వరసలో మిగతావాళ్లు కండువాలు మూతికి కట్టుకున్నారు. నేను రోడ్డు పక్కన నడుస్తూ నా రుమాలు చాచాను.

"ముక్కుకు అడ్డం పెట్టుకోండి, తమరి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి."

"ఎలా పెట్టుకుంటాను," అన్నాడు దగ్గు మింగుతూ. "బాగుందని సంతకం పెట్టింది నేనేగా."