చెమట తూకం

ఆమదాలవలసలో మాది ధాన్యం కొట్టు. చదువు ఎనిమిదో తరగతితో ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. క్వింటాళ్లూ తరుగులూ నోటితోనే కడతాను. అలాంటిది ఒక ఉదయం కాటా మీది అంకెలు అలికేసినట్టు కనిపించాయి. ఒకే బండి కూడిక రెండుసార్లు తప్పింది. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరలేదు. ఒంట్లో ఏదో తేడా వచ్చిందని ఆ రోజే అనిపించింది.

శ్రీకాకుళంలో పరీక్షలు చేశారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.6, ఏడు లోపు ఉండాల్సింది. బరువు 91 కిలోలు. డాక్టరమ్మ రిపోర్టు చూసి నింపాదిగా చెప్పారు. "షుగర్ వల్ల కళ్ల లోపల చిన్న మార్పు మొదలైంది. మూడు నెలలు మాత్రలు వాడుతూ రోజూ నడవండి, బరువు తగ్గండి. షుగర్ దిగకపోతే ఇన్సులిన్ మొదలుపెడదాం." ఇన్సులిన్ చెడ్డదని కాదు. నా భయమంతా కళ్ల గురించే. కాటా చదవలేనివాడు కొట్టులో కూర్చుని ఏం చేస్తాడు?

నడక మొదలుపెడుతున్నానని తెలిసి మా బావమరిది సూరిబాబు విజయనగరం నుంచి దళసరి నైలాన్ ట్రాక్‌సూట్ పట్టుకొచ్చాడు. మెడ దాకా జిప్పు.

"బావా, ఇదేసుకుని నడువు. సెమట కారినకొద్దీ కొవ్వు కరుగుతాది. సూస్తూ ఉండు" అన్నాడు.

నేను మాటలు నమ్మను, తూచి చూస్తాను. బయలుదేరే ముందు లుంగీతో కాటా ఎక్కాను. వచ్చాక ఒళ్లు తుడుచుకుని అదే లుంగీతో మళ్లీ ఎక్కాను. ఏడు వందల గ్రాములు తగ్గాయి. మామూలు చొక్కాతో నడిచిన రోజు తగ్గింది మూడు వందలే. లెక్క తేలిపోయిందనుకున్నాను. లోపల మందపాటి బనీను కూడా తొడుక్కున్నాను. నీళ్లు తాగితే కాటా మళ్లీ పెరుగుతోందని వాటినీ తగ్గించాను.

మా వైపు ఉక్కకు చెమట ఆరదు. తడిసిన ప్యాంటు తొడల మధ్య ఒరుసుకుని పుండు పడింది. పొద్దున్నే కొక్కానికి వేలాడుతున్న ఆ ట్రాక్‌సూట్ కంటబడితే చాలు, కాళ్లు లేచేవి కావు. మబ్బు పట్టిందనో, బండ్లు వస్తాయనో మానేసేవాణ్ని. వెళ్లిన రోజు మాత్రం మొండిగా నడిచేవాణ్ని. అలాగే ఒకరోజు స్టేషన్ రోడ్డులో కళ్లు తిరిగి పడిపోయాను.

సెలైన్ ఎక్కుతుండగా డాక్టరమ్మ అన్నారు. "డీహైడ్రేషన్. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగింది. మీరు తగ్గించింది కొవ్వు కాదండీ, నీళ్లు."

వాదించబోయాను. అంకెలు నా దగ్గర ఉన్నాయి కదా. పక్కనే ఉన్న మా ఆవిడ రమణమ్మ అందుకుంది.

"ఏటండీ, రైతు పచ్చి దాన్యం తెస్తే తేమని కోతెడతారు గదా. అది ఆరేక తగ్గింది నీరా, గింజా? కొట్లో ఉన్న తెలివి ఒంటికాడికొచ్చేసరికి ఏటైపోనాది?"

ఏళ్ల తరబడి తేమ మిషన్ పట్టిన చెయ్యి నాది. సెలైన్ సూదితో మంచం మీద కదలకుండా ఉంది.

డాక్టరమ్మ ఇంకో మూడు నెలల గడువిచ్చారు. పుండు మానాక రమణమ్మే బట్టలు కొంది. పలచగా, త్వరగా ఆరిపోయే టీషర్టు, మోకాళ్ల దాకా వదులు నిక్కరు. నిక్కరు చూసి గతుక్కుమన్నాను. నా మోకాళ్లు చూసిన రైతు రేపు బేరంలో నా మాట వింటాడా? అందుకని పైన లుంగీ కట్టుకుని బయలుదేరి, రైల్వే గేటు దాటాక విప్పి భుజాన వేసుకునేవాణ్ని. అయినా తేడా మొదటి రోజే తెలిసింది. ఒంటికి గాలి తగిలింది. తొడలు మండలేదు. అనుకున్న చోటు దాటి చాలా ముందుకు వెళ్లిపోయానని వెనక్కి తిరిగాక గాని తెలియలేదు.

కొన్నాళ్లకు మాకు ధాన్యం తోలే అప్పలనాయుడు ఎదురయ్యాడు. ఎగాదిగా చూశాడు.

"ఏటి సావుకారీ, కబడ్డీకెల్తన్నావేటి? ఆ బుజం మీద లుంగీ ఎందుకు?"

"ఊళ్లో కాళ్లు కనబడితే బాగోదని."

"నా దాన్యం తూసేది సేతుల్తో గదా. కాళ్లెలాగుంటే నాకేటి?"

మర్నాటి నుంచి లుంగీ ఇంట్లోనే ఉండిపోయింది.

గడువు ముగిసేసరికి హెచ్‌బీఏ1సీ 6.5. బరువు 84. క్రియాటినిన్ మామూలుకొచ్చింది. కళ్ల డాక్టరు "మార్పు ముదరలేదు, ఇలాగే కొనసాగించండి" అన్నారు. ఇన్సులిన్ అవసరం పడలేదు. ఇప్పుడు రమణమ్మా నాతో నడుస్తోంది, నాకన్నా ముందు. సూరిబాబు ట్రాక్‌సూట్ వానాకాలంలో కాటా మీద కప్పుతున్నాం. ఒక్క చుక్క లోపలికి పోదు. అది తీశాక కాటా మీది అంకెల్ని గుమ్మంలో నిలబడే చదువుతున్నాను.

నాలా నడక మొదలుపెట్టేవారికి ఒక్కటే చెబుతాను. బట్టలు కొనేముందు వేసుకుని ఆ కొట్టులోనే అటూ ఇటూ నడవండి, గొంతుక్కూర్చుని లేవండి. ఎక్కడ పట్టినా, ఏ కుట్టు గుచ్చుకున్నా అక్కడే వదిలేసి రండి. రేపు మళ్లీ తొడుక్కోవాలనిపించే బట్టే కొనండి.