నూరు సంతకాలు

నిన్న రాజాంలో మా ఆఫీసు బీరువా తెరిస్తే స్టాంపుప్యాడు సిరా వాసన గుప్పుమంది. ఎప్పుడో ఎండిన సిరాకి వాసనేమిటని మీరంటారు. నా వరకు అది ఇంకా ఆరలేదు.

మా సీనియరు జోగారావుగారు అరవై దాటిన ప్లీడరు. ఆయన దగ్గర చేరిన కొత్తలో నాకు నల్లకోటు వదులు, నాలుక అంతకంటే వదులు. కేసులు లేవు కనక కబుర్లే వాదించేవాణ్ణి. ఆయన మాత్రం కక్షిదారుకి ఏం చెప్పినా, అదంతా తిరిగి వాళ్ల నోట చెప్పించుకునేవారు. "ఏటి అర్థమైందో సెప్పు బాబూ" అనేవారు. నాకది చాదస్తంలా ఉండేది.

ఓ మధ్యాహ్నం ఆయన కోర్టులో ఉండగా లచ్చుమునాయుడు వచ్చాడు. ఎకరన్నర వరి మడి తప్ప మరేమీ లేని రైతు. ఆ మడి కూడా అతనిది కాదని హైకోర్టు తేల్చిన వారం అది.

"ఆ జడ్జీని దింపీడానికి అవదేటి బాబూ? మా సర్పంచిని దింపీలేదా?"

"ఎందుకవదు మావా! నూరుమంది సంతకాలు పెట్టాలి. ముగ్గురు పెద్దలు విచారిస్తారు. ఆనక పార్లమెంటు రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు పడితే రాష్ట్రపతి ఇంటికి పంపుతారు" అన్నాను, పరీక్షకి చదివింది వృథా పోలేదన్న ఖుషీతో.

ఆ నూరుమందీ లోక్‌సభ సభ్యులై ఉండాలని చెప్పలేదు. తీర్పు తప్పయినంత మాత్రాన జడ్జిని తీసెయ్యరనీ, దుష్ప్రవర్తనో అశక్తతో రుజువు కావాలనీ చెప్పలేదు. సుప్రీంకోర్టుకి వెళ్లడానికి తొంభై రోజులే గడువన్న మాట అసలే ఎత్తలేదు. ఏం అర్థమైందని అడగనూ లేదు.

నాలుగో నెల దాటాక మళ్లీ వచ్చాడు. చేతిలో నలిగిన కాగితాలు. నూరు సంతకాలు, సగం వేలిముద్రలే.

"ఎండలో ఊరూరా తిరిగినాను బాబూ. మా బావమరిది సంతకం ఎట్టనన్నాడు, కాళ్లట్టుకున్నాను. సూసుకోండి, ఒక్కటి తక్కువుండదు."

నాకు నవ్వొచ్చింది. జోగారావుగారు నవ్వలేదు. ప్రతి పేరూ మెల్లగా చదివి, "ఇన్నాళ్లూ అప్పీలుకి రాలేదేటి నాయుడూ?" అన్నారు.

అతను నావైపు చూశాడు. "ఈ బాబు సెప్పిందే సేసినాను కదా."

ఆలస్యాన్ని మన్నించమని ఢిల్లీకి పిటిషను వెళ్లింది. తప్పు నాదేనని అఫిడవిట్ నాచేతే రాయించారు. మన్నించలేదు. ఆ ఏడు వరి ఉడుపులకి ఆ మడిలో వేరేవాళ్లు దిగారు. లచ్చుమునాయుడు గట్టుమీద నిలబడి చూశాడట.

"తప్పు తీర్పు మీద అప్పీలున్నాది. జడ్జీని దింపడానికి పార్లమెంటున్నాది. నీ నోటిమాట మీద ఆడికేటున్నాది రా?" అన్నారు సీనియరు నెమ్మదిగా. తిట్టినా బాగుండేది.

ఆయన పోయారు. ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. నన్ను దింపే సభ ఎక్కడా లేదు. కక్షిదారు లేవబోతుంటే "ఏటి అర్థమైందో సెప్పు బాబూ" అంటాను. జూనియర్లు చాటున నవ్వుకుంటారు. దానివల్ల ఆ మడి తిరిగి రాదు.

నిన్న బీరువాలో ఆ కాగితాలు మళ్లీ చూశాను. చిట్టచివరి వేలిముద్ర లచ్చుమునాయుడిదే. తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయి, తనది వేసుకున్నట్టున్నాడు.