జిగురు ఆరకముందే

మా డ్రైవర్ చాచా పోయిన శుక్రవారం ఆదోనిలో చనిపోయాడు. నాకు ఎవరూ కబురు పంపలేదు. ఎమ్మిగనూరు బస్సులో పక్కన కూర్చున్న పత్తి దళారి ఏదో మాట్లాడుతూ మధ్యలో ఆ సంగతి చెప్పాడు. ఆ ఇంటివాళ్ళకు నేనెవరో తెలియదు. ఆయన వాళ్ళకు చెప్పలేదు.

నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాగా చేరేనాటికి ఆయన అక్కడ సావుకారి కారు తోలేవాడు. ఎద్దులబండి ఎదురైతే హారన్ కొట్టేవాడు కాదు. బండివాడు ఎద్దుల్ని పక్కకు మళ్ళించుకునేదాకా ఆగేవాడు. "బెదిరితే యాడికి పోతాయో వాటికే తెల్దప్పా" అనేవాడు. ఇల్లు దొరక్క నేను మిల్లు గదిలో ఉన్నన్నాళ్ళూ రోజూ ఒక జొన్నరొట్టె ఎక్కువ తెచ్చేవాడు. అడిగితే, "మా ఇంట్లో ఎప్పుడూ ఒకటి మిగులుతాది" అనేవాడు. అబద్ధమని తెలిసే తినేవాణ్ణి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, ఎండాకాలం. రాయి తగిలి పగిలిన కారు ముందద్దం మార్పించాక, వెనక వచ్చేవి చూసుకునే చిన్న అద్దాన్ని ఆ గాజుకే అంటించారు. ఎండకు జిగురు వదిలి అది ఊడిపడింది. చాచా కారును షెడ్డు నీడలో పెట్టాడు. పాత జిగురంతా బ్లేడుతో గీకాడు. స్పిరిట్‌తో గాజు తుడిచి, అద్దం ఎక్కడ ఉండాలో బయటివైపు సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. రెండు ట్యూబుల జిగురు కలిపి, అద్దాన్ని పట్టుకునే ఇనుప బిళ్ళను గాజుకు అదిమిపట్టి చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. అద్దం మాత్రం తగిలించలేదు.

"రేపు పొద్దున తగిలిస్తా. జిగురుకు మన తొందర తెల్దు" అన్నాడు నాతో.

అంతలో సావుకారి తన తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎమ్మిగనూరులో వియ్యంకుల ఇంటికి పోవాలి.

"బిళ్ళ జిగురు ఇంకా ఆరలేదు సావుకారీ. అద్దం లేకుండానే పోదాం. నిదానంగా తోల్తాను" అన్నాడు చాచా.

"బోసి బండిలో పోతే వాళ్ళు నవ్వుతారు. తగిలించు."

"తగిలిస్తే పడుతుంది. రోజన్నా ఆగాల."

"నువ్వు నాకు సెప్పేటోడివా?"

చాచా తగిలించాడు. పండ్ల బుట్టలు మోయడానికి నన్నూ ఎక్కమన్నారు. నేను ముందు సీట్లో కూర్చున్నాను.

ఎమ్మిగనూరు ఇంకా నాలుగు మైళ్ళుందనగా అద్దం పడింది. స్టీరింగుకు తగిలి చాచా కాళ్ళ దగ్గరికి జారి, బ్రేకు కింద ఇరుక్కుంది. ఎదురుగా కోసిగి నుంచి పనికి వలస వచ్చిన కూలీలు, నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో రోడ్డు దాటుతున్నారు. చాచా స్టీరింగు ఒక్కసారిగా తిప్పేశాడు. కారు గుంత దాటి నల్లరేగడి చేనులో ఆగింది. కూలీల్లో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. వెనక కూర్చున్న సావుకారి తల్లికి తుంటి విరిగింది.

మర్నాడు మిల్లు ఆవరణలో అందరి ముందూ సావుకారి అన్నాడు: "వీడే సరిగ్గా అంటించలేదు. ఆగాలని నాకు సెప్పనేలేదు. గుమాస్తా, నువ్వు ఆడనే ఉంటివి కదా, సెప్పినాడా?"

చాచా నా వైపు చూశాడు. ఆ ముఖంలో భయం లేదు. నేను నిజం చెబుతానని ఆయనకు నమ్మకం.

"నాకు తెల్దు సావుకారీ. నేనప్పుడు లోపల ఉంటిని" అన్నాను.

చాచా జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆదోనిలో ఏ మిల్లువాడూ ఆయనకు బండి ఇవ్వలేదు. గాజు కోసే దుకాణంలో కూలికి కుదిరాడు. నేను మాత్రం ఆ మిల్లులోనే పైకొచ్చాను.

క్షమాపణ అడగాలని ఒకసారి ఆ దుకాణానికి వెళ్ళాను. ఆయన చేతులకు గుడ్డపీలికల కట్లు. నన్ను చూసి, "కూర్సో అప్పా. అన్నం తింటివా?" అన్నాడు. తిట్టి ఉంటే నేను తేలికపడేవాణ్ణి. తిన్నానని చెప్పి లేచి వచ్చేశాను. మళ్ళీ పోలేదు. పదేళ్ళు గడిచాయి.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. పక్కింటివాళ్ళు పంపిన టీ ఆయన కూతురు తెచ్చి ఇచ్చింది. ఆయనతో పనిచేసినవాణ్ణని చెప్పగానే ఎదురుగా కూర్చుంది.

"మా అబ్బా డ్రైవింగు ఎందుకు ఇడిసినాడో మీకేమన్నా తెలుసునా? కండ్లు సరిగ్గా కనపడవని మాతో సెప్పినాడు."

జరిగిందంతా చెప్పాను. ఒక్క మాట దాచలేదు. నేను ఆగాక ఆమె అంది:

"అబ్బా కండ్ల కోసం మా అమ్మ తిరగని దర్గా లేదు. ఇంతకాలం ఉపాసాలుండె."

నేను సగం తాగిన గ్లాసును నా చేతిలోంచి మెల్లగా తీసుకుని లోపలికి వెళ్ళింది. గుమ్మానికి కట్టిన పరదా కాసేపు ఊగింది. దాని అవతల ఆమె తల్లితో ఏదో చెబుతోంది.