బాలాసోర్ దాటని జోల

గోడవతలి పెద్దమ్మ పోయింది. మధ్యాహ్నం అన్నం తిని చాప మీద ఒరిగిన మనిషి మళ్లీ లేవలేదు. ఆమె మరిది కొడుకు వర్క్‌షాప్ నుంచి ఇంటికొచ్చి లేపబోయేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. నాకు మాత్రం కాస్త ముందే మనసు కీడు శంకించింది. దీపాలు పెట్టే వేళకు మా పాప ఏడుపందుకుంది. రోజూ ఆ ఏడుపు వినగానే గోడ అవతల నుంచి "వస్తన్నానే, ఉండు" అని కేక వచ్చేది. ఆ రోజు రాలేదు. పాపను భుజాన వేసుకుని గోడ దగ్గర నిలబడి పిలిచాను. పాప నాకంటే గట్టిగా పిలిచింది.

ఈ బెంగాలీ ఊళ్లో, మా రైల్వే ట్రాఫిక్ కాలనీలో ఉండేవాళ్లు ఆమెను చూసే ఉంటారు. చుట్ట అడ్డపొగ పెట్టి, మండే కొస నోట్లో ఉండగానే కుళాయి దగ్గర బిందె చంకకెత్తుకునే పొట్టి మనిషి. పాలవాడితో బెంగాలీలో, కూరలమ్మే ఆమెతో ఒడియాలో పోట్లాడేది. తెలుగులో పోట్లాడగా నేను వినలేదు. ఆమె నాకు చుట్టం కాదు. మా పెరటికీ వాళ్ల పెరటికీ మధ్య భుజాల ఎత్తు గోడ ఒకటుంది, అంతే. మా ఇంట్లో నాలుగు ముక్కలు రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కనుక, ఆమె గురించి రాయవలసినదాన్నీ నేనే.

పాపకు రెండో నెల వచ్చేసరికి ఆ ఏడుపు పట్టుకుంది. పొద్దున బాగానే ఉండేది. బోసినోటితో నవ్వేది. వర్క్‌షాప్ సైరన్ మోగి, సైకిళ్లు ఇళ్లకు మళ్లే వేళకు మొదలయ్యేది. కాళ్లు కడుపులోకి ముడుచుకుని, పిడికిళ్లు బిగించి, ముఖం కందిపోయేలా ఏడ్చేది. పాలిస్తే తల తిప్పేసేది. మా అత్త వాము నీళ్లు పట్టింది, కడుపుకు ఆముదం రాసింది, ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. ఆస్పత్రిలో నర్సు దీదీ పాపను అటూ ఇటూ తిప్పి చూసి, "ఠీక్ హై, ఠీక్ హై" అని పంపేసింది. మా ఆయన ఇంజను మీద ఫైర్‌మన్. లైన్లోకి వెళితే ఎప్పుడొచ్చేదీ చెప్పలేడు. సైరన్ వింటే చాలు, చేతిలో పని వదిలేసి పాప దగ్గరికి పరుగెత్తేదాన్ని.

ఒక సాయంత్రం అత్త గుడికి వెళ్లింది. నేను పెరటి మెట్టు మీద కూర్చుని ఉన్నాను. ఒళ్లో పాప కర్రలా బిగుసుకుపోయి ఏడుస్తోంది. ఊరుకోబెట్టడం ఎప్పుడో మానేశాను. నేనూ ఏడుస్తున్నాను.

"అమ్మీ, ఆ గుంటనిలా ఇయ్యి" అని గోడ మీంచి వినిపించింది.

అంతవరకూ ఆమె పాపను ఎత్తుకోలేదు. బారసాలకు కూడా గుమ్మం దగ్గరే నిలబడి చూసి వెళ్లిపోయింది. పసిపిల్లలంటే ఆమెకు పడదేమో అనుకునేదాన్ని. ఆ సాయంత్రం ఆమె చుట్ట ఆర్పి గోడ మీద పెట్టింది. నోరు పుక్కిలించి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంది. వెనక సందులోంచి వచ్చి నా ఎదుట నిలబడి, పాప వంక కాదు, నా ముఖం వంక చూసింది.

"సూడు, కళ్లెలగ పీక్కుపోనాయో. దానికేటీ కాదు గానీ, ముందు నువ్వు తొంగోవాల."

పాపను భుజాన వేసుకుని పెరట్లో తిరుగుతూ ఏదో పాడసాగింది. అది పాట కాదు, స్టేషన్ల పేర్లు. ఆమె పెనిమిటి గూడ్సు బళ్ల మీద బ్రేకులు చూసేవాడట. లైన్లోంచి వచ్చినప్పుడల్లా ఏ స్టేషన్లో ఎంతసేపు ఆగిందీ చెప్పేవాడట. చదువు లేని మనిషి చెవులతో నేర్చుకున్న దారి అది. "హిజ్లీ వచ్చింది, హిజ్లీ పోయింది. నారాయణగఢ్ వచ్చింది, నారాయణగఢ్ పోయింది..." వచ్చిందన్నప్పుడు పాప వీపు మీద ఒక దెబ్బ, పోయిందన్నప్పుడు ఒక దెబ్బ. బేల్దా, దాంతన్, జలేశ్వర్. రూప్సా దగ్గర పాప పిడికిళ్లు విడిపోయాయి. బాలాసోర్ దగ్గర ఏడుపు ఆగిపోయింది.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం అదే రైలు. "బాలాసోర్ దాటకండా తొంగుంటాది సూడు" అనేది. చాలాసార్లు అలాగే జరిగేది. కటక్ దాకా లాగిన రోజున, "ఈయేళ మీ అమ్మకి తిండి నేదు, ఒలే" అని పాపను దెప్పేది. నవ్వుతూ ఒకమాటు అంది: "మా ఊరు తిలారు టేసన్లో దిగాల. పెనిమిటి పోయినాక ఎల్లనే నేదు. ఎలగైనా ఎల్దారనుకుంటే నీ కూతురు నన్ను బాలాసోర్‌లోనే దింపేస్తంది."

నీ పిల్లలకూ ఇదే పాడేదానివా పెద్దమ్మా అని అడిగాను. నడక ఆపకుండానే, "పాట పాడేదాకా ఉంటేనా" అంది.

భుజం మీద పడుకున్న పాపను ఉయ్యాలలో వేస్తే మళ్లీ లేచేది. ఉయ్యాల మా అత్త చీరతో కట్టినది. మా వాళ్లు పసిపిల్లల ఉయ్యాలకు కొత్తబట్ట కట్టరు. కన్న పిల్లలంతా బతికి బట్టకట్టిన ఆడమనిషి పాత చీర కడతారు. అత్త పిల్లలంతా నిలిచారు, కాబట్టి ఆమె చీర. కానీ పాప అందులో పడుకుంటేగా! నాకు తెగింపు వచ్చింది.

"పెద్దమ్మా, నీ పాత సీరొకటి ఇయ్యవా? ఉయ్యాల కడతాను."

ఆమె నడక ఆగిపోయింది. "తప్పు. అలగనకు. నా సీర ఉయ్యాలకి పనికొచ్చేదేటే? నా కడుపున పడ్డోలు ఒక్కలూ నిలవనేదు. మీ అత్త ఇంటే ఈ పెరట్లోకి రానిస్తాదా?"

"మరి పాప నీ భుజం మీదే కదా తొంగుంటంది."

ఆమె ముఖం అటు తిప్పుకుంది. మర్నాడు గోడ మీద ఒక చీర ఆరింది. ఉతికి ఉతికి రంగేమిటో తెలియకుండా పోయిన చీర, పట్టుకుంటే వెన్నలా జారిపోయేది. "మీ అత్తడిగితే గోల్‌బజార్లో పాతబట్టలోడి దగ్గర కొన్నానని సెప్పు" అని మడత నా చేతిలో పెట్టింది.

అత్త ఆ సాయంత్రమే అడిగింది. నేనలాగే చెప్పాను. అత్త చీర అంచు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గోల్‌బజార్లో సుట్టకంపు కూడా కలిపి అమ్ముతన్నారేటి?"

అప్పటికే పాప ఆ ఉయ్యాలలో నిద్రపోతోంది. అత్త ఉయ్యాల వంక చూసింది, నా వంక చూసింది. ఆమెకూ ఎన్నాళ్లుగానో నిద్ర లేదు. అక్కడే గోడకు జేరబడి కళ్లు మూసుకుంది.

పెద్దమ్మ పోయిన సాయంత్రం ఆ చీర విప్పింది కూడా అత్తే. "సచ్చినోలి బట్టలో సంటిదాన్నేస్తారేటే? లాక్కుపోద్ది" అంది. నేను అడ్డు చెప్పలేదు. చదువుకున్నదాన్నే, అయినా నాకూ భయం వేసింది.

ఇక ఆ తర్వాతి సాయంత్రాలు ఎలా చెప్పను. అత్త చీర మళ్లీ కట్టాము. పాప అందులో ఒరుసుకుపోయేలా తన్నుకునేది. నేను స్టేషన్లు పాడేదాన్ని. నా గొంతు ఆమె గొంతు కాదని దానికి తెలిసిపోయేది. కటక్ దాటి, ఖుర్దా దాటి, నాకు తెలిసిన పేర్లన్నీ అయిపోయి మళ్లీ హిజ్లీ నుంచి మొదలుపెట్టేదాన్ని. పాప గొంతు బొంగురుపోయింది. పాలు తాగడం తగ్గించేసింది. తొడల మీద చర్మం వదులైనట్టు అనిపించి, పదే పదే తడిమి చూసుకునేదాన్ని. పెద్దమ్మ పోయిందని ఏడవడానికి కూడా పాప నాకు తీరిక ఇవ్వలేదు. ఇది నా చేతుల్లోనే హరించుకుపోతుందా అన్న ఆలోచన ఒకటి వచ్చి కూర్చుని, మరి లేవలేదు.

పదో రోజున పోయినవాళ్ల బట్టలు చాకలికి ఇచ్చేస్తారు. పక్క పెరట్లో మూట కట్టి పెట్టారు. ఉయ్యాల చీరనూ అత్త తన చేతులతోనే తీసుకెళ్లి అందులో పెట్టి వచ్చింది. సాయంత్రం సైరన్ మోగింది. పాప మొదలుపెట్టింది. చాకలి ఇంకా రాలేదు.

నేను పాపను అత్త ఒళ్లో పడేసి సందులోంచి పరుగెత్తాను. మూట విప్పాను. పెద్దమ్మ మరిది కొడుకు మెట్ల మీద కూర్చుని చూస్తున్నాడు. "తీసుకెల్లమ్మా. ఆవిడుంటే తనే ఇచ్చీది" అన్నాడు.

చీరతో తిరిగి వచ్చేసరికి అత్త ఏడుస్తున్న పాపతో గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. నేనూ ఆగిపోయాను. ఇవాళ ఏదైతే అదే అవుతుందనుకున్నాను. అత్త నన్ను పైనుంచి కిందికి చూసి, పాపను నా చేతికిచ్చి, చీర లాక్కుంది.

"ఇటియ్యి. నీ ముడి జారిపోద్ది."

కొక్కేనికి చీర కడుతూ, గోడ వైపు తిరిగి గట్టిగా అంది: "ఇదిగో, సుట్టలదానా, ఇంటన్నావా? గుంటని తొంగోబెట్టీసి నీ దారిని నువ్వెల్లిపో. మా దాని జోలికి రాకు." ముడి బిగించి, లాగి చూసి, గొంతు తగ్గించి మళ్లీ ఆ గోడతోనే అంది. "ఉయ్యాలయితే ఊపు."

నేను హిజ్లీ నుంచి మొదలుపెట్టాను. పాప బాలాసోర్‌లో ఆగలేదు. భద్రక్‌లో ఏడుస్తూనే ఉంది. కటక్ దాటాక ఎక్కిళ్లు మిగిలాయి. ఖుర్దా తర్వాత పేర్లు నాకు తడబడితే అత్త అందించింది. ఆమె కాపురానికి వచ్చిన దారి కూడా అదే కదా. బాలుగాం. బరంపురం. ఇచ్ఛాపురం దగ్గరో సోంపేట దగ్గరో చీరలో కదలిక ఆగింది. పాట ఆపేయవచ్చు. మేమిద్దరం ఆపలేదు. పలాస వచ్చింది, పలాస పోయింది. నౌపడా వచ్చింది, నౌపడా పోయింది. కోటబొమ్మాళి పోయింది. తిలారు వచ్చింది.

అక్కడ ఆపేశాం.

తర్వాత నేను పెరట్లోకి వెళ్లాను. గోడ మీద ఒక కొబ్బరి చిప్ప బోర్లించి ఉంది. అలాంటి చిప్పలు మా ఇంట్లో అత్త తప్ప ఎవరూ దాచరు. ఎత్తి చూశాను. కింద, వానకు తడవకుండా, పెద్దమ్మ చివరిసారి ఆర్పి పెట్టిన సగం చుట్ట ఉంది. చిప్ప మళ్లీ అలాగే బోర్లించాను.