వెనక లైన్లో వైశాఖ పున్నమి

బిలాస్‌పూర్‌కు రైల్వే జోన్ వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో, నది అవతల సర్కండాలో నేను పనిచేసే బడికి శ్రీలంక నుంచి ఒకామె వచ్చింది. నడవలేని పిల్లలకు వ్యాయామాలు చేయించడం ఆమె పని. జీతం తీసుకోకుండా ఏడాదిపాటు చేస్తానని వచ్చింది. నాకంటే అయిదారేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఇంగ్లీషూ, నాలుగు ముక్కల హిందీ తప్ప ఇక్కడ మాట్లాడుకోవడానికి ఆమెకు భాష లేదు.

ఆదివారాలు మా రైల్వే క్వార్టర్‌కు భోజనానికి తీసుకొచ్చేదాన్ని. అమ్మ వండిన చేపల పులుసు ఇష్టంగా తినేది. ఎండలు మండిపోతున్న ఒక ఆదివారం మాత్రం అన్నం కెలుకుతూ కూర్చుంది.

“ఏటే, ఆయమ్మ మొహం అలాగైపోయింది? ఒంట్లో బాగోలేదేటి?” అంది అమ్మ.

అడిగాను. వచ్చే వారం వైశాఖ పున్నమి అని చెప్పింది. ఆ రోజు తమ ఊళ్లో ప్రతి ఇంటి ముందూ కాగితం లాంతర్లు కడతారట. దారిన పోయేవాళ్లను ఆపి మరీ అన్నం పెడతారట.

“ఇక్కడ బుద్ధుడి గుడి ఎక్కడుంది?” అని అడిగింది.

“ఇక్కడ లేదక్కా,” అన్నాను. పుట్టి పెరిగిన ఊరు కదా, తడుముకోకుండా చెప్పేశాను.

డ్యూటీ నుంచి వచ్చి మంచం మీద నడుం వాల్చిన నాన్న కళ్లు తెరవకుండానే అన్నాడు. “లేకపోడమేటి? మా షెడ్‌లో ఫిట్టరు లేడూ, నాగ్‌పూర్ అతను? ఆళ్ల లైన్లోనే విహారం ఉంది. మన ఎనకాతలే.”

“ఆ లైన్లోకా?” అంది అమ్మ.

మా ఇంటికి మూడు వరసల వెనక ఉంది ఆ లైను. అమ్మ అటు వెళ్లేది కాదు. ఎందుకు వెళ్లదో ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగకపోయినా నాకు తెలుసు.

పున్నమి రోజు సాయంత్రం అక్క తెల్లబట్టలు కట్టుకుని వచ్చింది. గోల్ బజార్‌లో గాలిపటాల కాగితం కొని, వెదురు పుల్లలతో లాంతరు తానే కట్టి తెచ్చింది. గుమ్మంలో నిలబడ్డ అమ్మ చెయ్యి పట్టుకుని “ఆంటీ, చలో,” అంది. అమ్మ ఒక్క క్షణం నావైపు చూసి, చెప్పులు వేసుకుంది.

విహారమంటే రేకుల కప్పున్న ఒక్క గది. లోపల బుద్ధుడి విగ్రహం, పక్కన నీలం కోటు పెద్దాయన పటం. చాపల మీద ముప్ఫై నలభై మంది ఆడవాళ్లు, అందరూ తెల్ల చీరల్లో. వాళ్లను చూసి అక్క గడప దగ్గరే ఆగిపోయింది. వాళ్లూ ఆమెను చూసి కాస్త జరిగి చోటిచ్చారు.

ప్రార్థన మొదలైంది. మరాఠీలో అనుకున్నాను. కానీ రెండో వాక్యానికల్లా అక్క గొంతు కలిసింది. అది పాళీ. చిన్నప్పటి నుంచీ ఆమెకు నోటికి వచ్చినదే వీళ్లూ చదువుతున్నారు. అయిదు నెలలుగా మాటలు వెతుక్కుంటూ, సైగలు చేస్తూ గడిపిన మనిషి, ఒక్క అక్షరం తడబడకుండా, కళ్లు మూసుకుని అందరితో కలిసి చదువుతోంది. ముందు వరసలోని ముసలామె వెనక్కి తిరిగి చూసి, తన గొంతు ఇంకాస్త పెంచింది.

ప్రార్థన అయ్యాక ఆ ముసలామే మా దగ్గరికి వచ్చింది. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయాడట. ఆమె వెనక గోడకు ఆనుకుని ఏడేళ్ల పిల్ల కూర్చుని ఉంది. మనవరాలు. కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. అక్క చాప మీద కూర్చుని పిల్ల పాదాన్ని అరచేతిలో పెట్టుకుంది. మెల్లగా వంచి చూసింది.

“బడికి పంపట్లేదా?” అని నాచేత అడిగించింది.

“నడవలేని పిల్లని ఏ బడి తీసుకుంటుంది బేటీ?” అంది ముసలామె.

అలాంటి పిల్లల కోసమే ఉన్న బడికి ఆ పిల్ల ఇంటి పక్క సందులోంచి రోజూ ఆటో ఎక్కి వెళుతున్నాను. నది దాటితే వచ్చే బడి. తల వంచుకుని, “మా బడి తీసుకుంటుందమ్మా,” అన్నాను.

ఈలోగా గిన్నెల్లో పాయసం వచ్చింది. ముసలామె ఒక గిన్నె అమ్మకు అందించింది. అమ్మ పట్టుకుని నిలబడింది. ముసలామె కూడా కదలకుండా చూస్తోంది. తన చేతి గిన్నె పట్టుకుని ఇలా ఆగిపోయేవాళ్లు ఆమెకు కొత్త కాదు. అమ్మ చాప మీద కూర్చుని ఒక చెంచా తిన్నది, ఆ తర్వాత గిన్నె ఖాళీ చేసింది.

“యాలకులు బాగా పడ్డాయి. అచ్ఛా హై,” అంది.

ముసలామె నవ్వి ఇంకో గరిటె వేసింది.

ఇంటికి వస్తూ మా లైను మలుపులో అమ్మ ఆగి, “ఇరవై రెండేళ్లు ఈళ్లు మన ఎనకాతలే ఉన్నారు. నాను ఏటి సూసానే?” అంది.

వ్యాయామాలకు వేసవి సెలవులు లేవు కాబట్టి పిల్ల ఆ వారమే బడిలో చేరింది. ముసలామెకు మోకాళ్లు పట్టేసిన రోజుల్లో అమ్మే ఆ ఇంటికి వెళ్లి, పిల్లను ఎత్తుకొచ్చి నాతో ఆటోలో కూర్చోబెట్టేది. అక్క ఎంత చేయించినా ఆరు నెలల దాకా మార్పు కనపడలేదు. తర్వాత చలికాలంలో ఒక పొద్దున, నడక నేర్పే కమ్మీలు పట్టుకుని పిల్ల నాలుగు అడుగులు వేసింది. వేసి, మా మొహాలు చూసి, ఏదో తప్పు చేశాననుకుందో ఏమో, ఏడుపు మొదలెట్టింది. అక్కా నేనూ కూడా ఏడుస్తున్నాం మరి. అమ్మకు ఫోన్ చేసి చెబితే, పూర్తిగా వినకుండానే పెట్టేసింది. వెనక లైన్లోకి పరిగెత్తి ముసలామెకు ఆ కబురు ముందుగా తానే చెప్పిందట.