పొద్దున ఇవ్వని సెలవు

మా హెడ్‌మాస్టరు గారు కాలం చేశారని గత వారం కార్డు వచ్చింది. నాకు అందేసరికి కర్మ కూడా అయిపోయింది. ఆయనకు నేను చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఆయన ఉండగా చెప్పలేదు.

అరవైల మొదట్లో నేను బోగోలు దాటి సముద్రం వైపున్న ఒక బోర్డు హైస్కూల్లో అసిస్టెంటు మాస్టరుగా పనిచేశాను. బడికీ సముద్రానికీ నడుమ ఉప్పుకాలువ. కాలువ అవతల జాలర్ల పాలెం. అక్కడి పిల్లలు పడవలో దాటి వచ్చేవారు. కార్తీకంలో వాన పట్టిందంటే సెలవు ఇవ్వడం, ఇవ్వకపోవడం హెడ్‌మాస్టరు గారి ఇష్టం. ఇచ్చిన ప్రతి సెలవుకూ బదులు ఒక ఆదివారం బడి పెట్టాలి. మా బాధ అది.

ఒక ఏడు ఆయన మబ్బు చూసి మూడుసార్లు సెలవిచ్చారు. మూడుసార్లూ మధ్యాహ్నానికి ఎండ కాసింది. మూడు ఆదివారాలు పోయాయి.

"కప్ప అరిస్తే సెలవిచ్చేస్తాడబ్బా మన సారు. ఆదివారం వచ్చి మనం అరవాల" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

అందరం నవ్వాం. నవ్వి ఊరుకోలేదు. జిల్లా విద్యాధికారికి అర్జీ పెట్టాలనుకున్నాం. నా దస్తూరి బాగుంటుందని నన్ను రాయమన్నారు. అందులో 'నిరాధారముగా' అన్న మాట నాది. అది తట్టినప్పుడు సంతోషపడ్డాను కూడా.

నెల తిరక్కుండా మెమో వచ్చింది. ఇకమీదట పై ఉత్తర్వు లేకుండా వాన సెలవు ఇవ్వరాదు. హెడ్‌మాస్టరు గారు దాన్ని మా అందరికీ చూపించి సంతకాలు తీసుకున్నారు.

మరుసటి కార్తీకంలో ఒకరోజు తెల్లవారకముందే తూర్పుగాలి లేచింది. అయినా పాలెం పిల్లలు పన్నెండు మంది వచ్చారు. రెండో పీరియడుకు తెలుగు పండితుడు ఉండబట్టలేక హెడ్‌మాస్టరు గారి గదికి వెళ్లాడు. వెనుక మేమంతా నిలబడ్డాం.

"సెలవియ్యకూడదా అండీ? ఇంకాసేపు పోతే పిలకాయలు యెట్ట దాటతారు?"

"ఉత్తర్వు రాలేదు గదా పంతులు గారూ."

"నిన్నటి బస్సే రాలేదు, ఉత్తర్వు యెగిరొస్తాదా?" అని డ్రిల్లు మాస్టారు నా చెవిలో అన్నాడు.

పన్నెండు గంటలకు పెంకులు లేవడం మొదలైంది. ఆయనే వచ్చి గంట కొట్టారు. నేను పాలెం పిల్లల్ని కాలువ దగ్గరికి తీసుకుపోయాను. పడవ గట్టు మీద బోర్లించి ఉంది.

"పొద్దునే సెలవని చెప్పుంటే నేను దాటించేవాణ్ణే కాదు గదా అయ్యవారా" అన్నాడు పడవవాడు. "ఇప్పుడు తొయ్యను. వీళ్లల్లో నా బిడ్డ కూడా ఉండాది. అయినా తొయ్యను."

అవతలి గట్టు మీద తల్లులు చేరారు. ఏదో అరుస్తున్నారు. ఆ గాలిలో మాట దాటలేదు.

అంతలో హెడ్‌మాస్టరు గారు వచ్చారు. గొడుగు లేదు. పిల్లల్ని ఒక్కొక్కరినే గట్టు అంచుకు పిలిచి, భుజాలు పట్టుకుని నిలబెట్టారు. అవతల ఆ పిల్లవాడి తల్లి చేయి ఎత్తేదాకా కదలనివ్వలేదు. పన్నెండు మందినీ అట్లాగే చూపించారు. చాలాసేపు పట్టింది. తరువాత అందరినీ బడికి తెచ్చి, పెంకులు నిలిచిన గదిలో కూర్చోబెట్టారు.

నాకొక కాగితం ఇచ్చారు. "పేర్లు రాయండి, తండ్రి పేర్లతో సహా. మీ దస్తూరి నాకు బాగా తెలుసు."

రాశాను. తడి చేత్తో రాయడం వల్ల ఇంకు పాకింది.

పిల్లలకేమీ కాలేదు. రెండు రోజులకు కాలువ తగ్గి ఇళ్లకు వెళ్లారు. ఉత్తర్వు నాలుగో రోజు టపాలో వచ్చింది. అది అందకముందే బడి మూసినందుకు ఆయన్ను సంజాయిషీ అడిగారు. సంజాయిషీలో ఆయన మా అర్జీ ఊసెత్తలేదని గుమాస్తా చెప్పాడు. వేసవిలో బదిలీ అయింది.

వీడ్కోలు సభలో చదివిన సన్మాన పత్రం కూడా నేనే రాశాను. అందులో ఆయన క్రమశిక్షణ ఉంది, సౌజన్యం ఉంది. కాలువ గట్టు లేదు. ఆయన దాన్ని అందుకుని పైన రెండు పంక్తులు చూశారు.

"మళ్లీ మీరే రాసినారా" అన్నారు.

అవునన్నాను. బస్సుకు ఇంకా అరగంట ఉంది. ఆ అరగంటా ఆయన పక్కనే కూర్చున్నాను. ఎండల గురించి మాట్లాడుకున్నాం.