కాసమ్మ ఫోను ఒడియా చదివింది

అదే చెబుతున్నాను, వినండి! బ్రౌజర్ వేసి ఇచ్చిందీ నేనే, సగంలో వదిలేసిందీ నేనే. మొన్న కాసమ్మ సంగతి మధ్యలో ఆపేశాను కదా? సముద్రపు ఒడ్డు నుంచి మా హల్దియాపదర్‌కు బస్సులో చేపల తట్ట తెచ్చే కాసమ్మ. మూడో తరగతి నా దగ్గరే చదివింది. తెలుగు చక్కగా చదువుతుంది. ఒడియా గలగలా మాట్లాడుతుంది, అక్షరం మాత్రం రాదు. ఒడియా గడ్డ మీద బతికే మన తెలుగువాళ్ళలో ఎంతమంది అలా లేరు!

ఆమె కొడుకు ధనరాజు పడవ మీద వేటకు వెళ్తాడు. సముద్రం ఎలా ఉంటుందో చెప్పే లింకు ఒకటి పడవలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో రోజూ వస్తుంది. నొక్కితే పేజీ అంతా ఒడియా, ఆ లిపి తల్లికీ రాదు, కొడుక్కీ రాదు. పోయిన నెలలో వాళ్ళ పక్కింటి రామమూర్తి చదివి భయం లేదన్నాడు. తీరా అతను చదివింది ముందురోజు పేజీ! ధనరాజు వల పోగొట్టుకుని, ప్రాణాలతో ఒడ్డున పడ్డాడు.

ఆ మర్నాడు కాసమ్మ నన్ను అడిగింది: "ఒడియా నాకు సెవికి తెలుసు మాస్టారూ, కంటికి తెలీదు. ఫోనే సదివి సెప్పదేటి?"

ఎంత మాట! పేజీని పైకి చదివే బ్రౌజర్ ఒకటి వెతికి ఆమె ఫోనులో వేసి, తెగ మురిసిపోయాను.

మొన్న సోమవారం పొద్దున్న తట్ట దించుతూనే అందుకుంది.

"మీ బ్రౌజరు మూగదేటి మాస్టారూ? లింకు నొక్కితే ఉలకదు, పలకదు!"

చూద్దును కదా, లింకు పాత బ్రౌజర్‌లోనే తెరుచుకుంటోంది. "కాపీ చేసి కొత్తదాంట్లో అతికించు" అన్నాను.

"నీసు సేతుల్తో రోజూ ఏటి అతికిత్తాను? ఈ లింకు తట్ట తప్పు సోట దిగతంది. అది మార్చాల."

చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చుంది. సెట్టింగ్స్ తెరిచి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది.

"ఏదో నొక్కి పాడుచేసుకుంటావే!"

"బళ్ళో కూడా ఇలాగే బెదిరించీవోరు. కాసేపు ఊరుకోండి."

యాప్‌లు. డిఫాల్ట్ యాప్‌లు. బ్రౌజర్ యాప్. అక్కడ రెండు పేర్లున్నాయి. కొత్తదాని పక్కనున్న గుండ్రాన్ని నొక్కి, గ్రూపులోకి వెళ్ళి, అప్పుడే వచ్చిన లింకు తాకింది. పేజీ కొత్తదాంట్లో తెరుచుకుంది. చదవమని నొక్కగానే ఒడియాలో ఒక ఆడగొంతు ఖంగుమంది! నేను చప్పట్లు కొట్టాను. కాసమ్మ నవ్వలేదు. రేపటి నుంచి రెండు రోజులు పెద్ద గాలి, వేటకు పోవద్దంటోంది ఆ గొంతు.

నా ఫోను లాక్కుని కొడుక్కి చేసింది.

"ఒరే, పడవలోకెక్కించిన ఐసు దించెయ్, రేపు ఏట లేదు."

"ఎవులు సెప్పారే? ఆ రామ్మూర్తి మావేనా?"

"నా ఫోను సెప్పింది. నువ్వే ఇను!"

రెండు ఫోన్లూ ఎదురెదురుగా పట్టుకుని మొత్తం వినిపించింది.

"సరేలే, దించేత్తన్నాను."

యాభై దగ్గరపడిన మనిషి, ఎవరూ నేర్పకుండా! నా సర్వీసులో ఇంత చురుకైన పిల్లని చూడలేదంటే నమ్మండి.

మంగళవారం గాలికి మా పెరట్లో అరటిచెట్టు పడిపోయింది. ఇవాళ కొంచెం తెరిపిచ్చింది, ధనరాజు కాలు నిలవక తిరుగుతూ ఉంటాడు. నాలుగింటికి కొత్త లింకు వస్తుందట. నాలుగు దాటగానే కాసమ్మకు ఫోన్ చేస్తాను, ధనరాజు పడవను నీట్లోకి దించవచ్చని ఆమె ఫోను చెప్పిందో లేదో అడగాలి.